నింద పప్పుది... నేరం సీసాది

పొద్దంతా మంచిగా పని చేసుకున్న మనిషి రాత్రి రెండు మూడు గంటలకు నొప్పితో లేచి కూర్చుంటాడు. చూస్తే కాలి బొటనవేలి మొదట్లో కీలు వాచి, ఎర్రబడి, నిప్పులా కాలుతుంటుంది. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేడు. తెల్లారి చెప్పు తొడగలేడు, గట్టు మీద నడవలేడు. దీన్నే డాక్టర్లు గౌట్ అంటారు. ఆయుర్వేదంలో వాతరక్తం అని చెప్పింది చాలావరకు ఇదే. ఎక్కువగా నలభై దాటిన మగవాళ్లకు వస్తుంది. ఆడవాళ్లకు ముట్లుడిగిన తర్వాత వచ్చే అవకాశం పెరుగుతుంది.

ఎకరం, రెండెకరాలున్న రైతుకు ఇది ఉత్త కాలినొప్పి కాదు. ఒకసారి పట్టిందంటే వారం పది రోజులు మనిషి మంచం దిగలేడు. నాట్ల అదనులోనో, కోతల ముందో వస్తే ఆ పని చేజారినట్టే. కూలీలను పెట్టుకునే స్తోమత ఉన్నవాళ్ల సంగతి వేరు. ఇంటిల్లిపాది రెక్కల కష్టం మీద నడిచే సేద్యంలో ఒక మనిషి కాలు పడిపోతే పంట మీదే దెబ్బ పడుతుంది.

ఇంత నష్టం చేసే జబ్బుకు ఊళ్లో దొరికే సలహా మాత్రం ఒక్కటే. "పప్పు మానెయ్!" ఇరుగుపొరుగు చెప్పేది అదే, మందుల షాపులో చెప్పేది అదే. రక్తపరీక్ష కాగితం చూసి కొందరు వైద్యులు చెప్పేది కూడా అదే. పప్పుతో పాటు పాలకూర, వంకాయ, పులుపు కూడా ఆ జాబితాలో చేరిపోతాయి. సాయంత్రం పూట తాగే కల్లు గురించి, బీరు గురించి, ఆదివారం నాటి బోటి కూర గురించి గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. ఈ సలహా తలకిందులుగా ఉందనీ, దీనివల్ల చిన్న రైతు రెండు విధాలా నష్టపోతున్నాడనీ చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

రైతుకు రెండు నష్టాలు

మొదటిది, తిండిలో ఉన్న కాస్త బలం పోతుంది. మన చిన్న రైతు ఇంట్లో రోజూ మాంసం ఉండదు, గుడ్డు ఉండదు. కందిపప్పో, పెసరపప్పో ఉంటేనే ఒంటికి మాంసకృత్తులు. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయినప్పుడు పప్పు నీళ్లలా కాచుకున్న ఇళ్లు మనకు తెలుసు. పత్తిలో నాలుగు సాళ్లు కంది వేసుకుని, ఇంటికి పప్పు పట్టించుకునే రైతు కూడా నొప్పికి భయపడి ఆ కందులన్నీ బేరగాడికి అమ్మేసి, తాను పచ్చడి మెతుకులతో గడుపుతుంటే ఏమనాలి?

రెండోది, అసలు కారణం అలాగే ఉండిపోతుంది. పప్పు మానేశాను కదా, ఇక భయం లేదనుకుని మిగతా అలవాట్లు కొనసాగిస్తారు. మూడు నెలలకు నొప్పి మళ్లీ వస్తుంది. పప్పు మానినా తగ్గలేదంటే ఇది మామూలు జబ్బు కాదనుకుని మంత్రగాళ్ల దగ్గరికి, సూదిమందుల దగ్గరికి పరుగెత్తుతారు.

ఒంట్లో జరిగేదేమిటి?

కోళ్లు పెంచే రైతులకు ఈ సంగతి చెప్పడం తేలిక. ఎండాకాలంలో నీళ్లు సరిగ్గా అందకపోయినా, మేతలో మాంసకృత్తులు, సున్నం పాళ్లు తప్పినా పిల్లలు చనిపోతుంటాయి. చచ్చిన పిల్లను కోసి చూస్తే గుండె మీద, కార్జం మీద సుద్ద చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. ఆ తెల్లటి పదార్థమే యూరిక్ ఆమ్లం లవణాలు. కోళ్ల డాక్టర్లు దాన్ని కూడా గౌట్ అనే పిలుస్తారు. కోడి రెట్టలో తెల్లగా కనిపించేది కూడా ఈ యూరిక్ ఆమ్లమే.

మనిషి ఒంట్లో కూడా ఇది తయారవుతూనే ఉంటుంది. ప్రతి జీవకణంలో ప్యూరిన్లు అనే పదార్థాలుంటాయి. పాత కణాలు పోయి కొత్తవి వచ్చేటప్పుడు ఈ ప్యూరిన్లు విరిగి యూరిక్ ఆమ్లంగా మారతాయి. మనం తిన్న మాంసం, చేపలు, గింజల్లోని ప్యూరిన్లదీ అదే దారి. మొత్తం మీద మూడింట రెండు వంతులు ఒంట్లోనే పుడుతుంది, ఒక వంతు తిండి ద్వారా వస్తుంది. ఎద్దుకూ, బర్రెకూ ఈ ఆమ్లాన్ని ఇంకా విరగ్గొట్టి తేలిగ్గా నీళ్లలో కరిగేలా చేసే శక్తి ఉంది. మనిషికి ఆ శక్తి లేదు. కాబట్టి మూత్రపిండాలు ఎక్కువ భాగాన్ని, పేగులు కొంత భాగాన్ని బయటికి పంపాల్సిందే.

పొలం లెక్కలో చెప్పాలంటే మడిలోకి వచ్చే నీరు, మురుగు కాలువలో పోయే నీరు సమానంగా ఉండాలి. వచ్చేది పెరిగినా, పోయే కాలువ పూడినా మడి నిండుతుంది. రక్తంలో యూరిక్ ఆమ్లం డెసీలీటరుకు 7 మిల్లీగ్రాముల దగ్గరికి చేరితే ఇక కరగదు. చౌడు నేలలో నీరిగిరాక తెల్లటి ఉప్పు తేలినట్టు, కీళ్లలో సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. కాలి వేళ్లు గుండెకు దూరంగా, చల్లగా ఉంటాయి. చల్లదనంలో స్ఫటికం తొందరగా కడుతుంది. అందుకే మొదటి దెబ్బ తరచూ బొటనవేలి మీదే పడుతుంది. ఆ సూదుల మీదికి ఒంట్లోని రక్షక కణాలు దండెత్తినప్పుడు వచ్చేదే ఆ వాపు, ఆ మంట.

పప్పులో ప్యూరిన్లు లేవా అంటే ఉన్నాయి. నింద అక్కడే పుట్టింది. ఏ పదార్థంలో ఎన్ని ప్యూరిన్లున్నాయో కొలిచి, ఎక్కువున్న వాటన్నింటినీ ఒకే పట్టీలో రాసిపెట్టారు. ఆ పట్టీలో మేక కార్జం, ఎండు చేపల సరసన పప్పు, పాలకూర కూడా చేరాయి. కానీ తిన్న మనుషులకు జబ్బు వస్తోందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి మనుషుల మీదే లెక్క తీయాలి.

లెక్కలు ఏం చెప్పాయి?

అమెరికాలో హార్వర్డ్ పరిశోధకులు 47,150 మంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించారు. వాళ్లంతా దంతవైద్యులు, ఫార్మసిస్టులు, పశువైద్యుల్లాంటి వాళ్లు. ఎవరు ఏం తింటున్నారో ఎప్పటికప్పుడు రాసుకున్నారు. ఆ కాలంలో 730 మందికి కొత్తగా గౌట్ వచ్చింది. 2004లో ఆ ఫలితాలు ప్రకటించారు. మాంసం అందరికంటే తక్కువ తినే ఐదో వంతు జనంతో పోలిస్తే, అందరికంటే ఎక్కువ తినే ఐదో వంతులో ముప్పు 41 శాతం ఎక్కువగా ఉంది. చేపలు, రొయ్యల్లాంటి వాటితో 51 శాతం ఎక్కువగా ఉంది. బఠాణీలు, చిక్కుళ్లు, పప్పుగింజలు, పాలకూర, పుట్టగొడుగులు, కాలీఫ్లవర్ ఎక్కువగా తిన్నవాళ్లలో మాత్రం ముప్పు పెరగలేదు. పాలు, పాల పదార్థాలు బాగా తీసుకున్నవాళ్లలో ముప్పు 44 శాతం తగ్గింది.

అమెరికా వాళ్ల తిండి వేరు, మన తిండి వేరు అనవచ్చు. నిజమే. అయితే అన్నం తినే సింగపూర్ చైనీయుల మీద జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. అక్కడా కోడి మాంసం, చేపలు, రొయ్యలు ఎక్కువగా తినేవాళ్లలో గౌట్ పెరిగింది. సోయా, ఇతర పప్పుజాతి గింజలు ఎక్కువగా తినేవాళ్లలో తగ్గింది. పప్పు నిర్దోషి అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పులుపు సంగతి కూడా చెప్పుకోవాలి. పేరులో ఆమ్లం ఉంది కాబట్టి పుల్లటివి తింటే అది పెరుగుతుందని కొందరి నమ్మకం. యూరిక్ ఆమ్లం పుట్టేది ప్యూరిన్ల నుంచి, పులుపు నుంచి కాదు. నిమ్మకాయ నీళ్లు తాగితే కీళ్లు పట్టవు. ఉప్పు, చక్కెర దండిగా వేసుకోకుంటే చాలు.

సాయంత్రపు సీసా

ఇప్పుడు అసలు ముద్దాయి దగ్గరికి వద్దాం. మత్తు పానీయం ఏదైనా రెండు వైపులా దెబ్బ కొడుతుంది. ఒకవైపు కార్జంలో యూరిక్ ఆమ్లం పుట్టుకను పెంచుతుంది. ఇంకోవైపు మూత్రపిండాలు దాన్ని బయటికి పంపకుండా అడ్డం పడుతుంది. అంటే మడిలోకి నీరు ఎక్కువ వదిలి, మురుగు కాలువకు మట్టికట్ట వేసినట్టు.

అందులోనూ బీరు మరీ చెడ్డది. బీరులో మత్తుతో పాటు ఈస్టు నుంచి, ధాన్యం నుంచి వచ్చిన ప్యూరిన్లు కూడా ఉంటాయి. పైన చెప్పిన హార్వర్డ్ అధ్యయనంలోనే రోజుకు రెండు లేక అంతకంటే ఎక్కువ బీర్లు తాగేవాళ్లకు ముప్పు రెండున్నర రెట్లయింది. వాళ్ల లెక్కలో ఒక బీరంటే 355 మిల్లీలీటర్ల చిన్న డబ్బా. మన దగ్గర దొరికే పెద్ద సీసా 650 మిల్లీలీటర్లు. అంటే ఒక్క సీసా దాదాపు రెండు డబ్బాలకు సమానం. విస్కీ, బ్రాందీల్లాంటివి రోజుకు రెండు పెగ్గులు, ఆ పైన తాగేవాళ్లకు ముప్పు 60 శాతం పెరిగింది.

కల్లు మందులాంటిదనీ, చెట్టు నుంచి వచ్చింది కాబట్టి దోషం లేదనీ అనేవాళ్లున్నారు. చెట్టు మీద నుంచి దించిన తియ్యటి నీరా వేరు, పులిసిన కల్లు వేరు. పులియడమంటేనే ఈస్టు చక్కెరను తిని మత్తుగా మార్చడం. పొద్దున దించింది సాయంత్రానికి ఎంత పులిస్తే అంత మత్తు. తాటికల్లయినా, ఈతకల్లయినా గౌట్ ఉన్న మనిషికి దానివల్ల మేలు లేదు. గీత కార్మికుల పొట్ట కొట్టాలని ఈ మాట అనడం లేదు. పండగకో పబ్బానికో ఒక ముంత తాగే ఆరోగ్యవంతుడి గురించీ కాదు. బొటనవేలు ఒకసారి వాచిన తర్వాత కూడా రోజూ సాయంత్రం మండువకు పోయే మనిషి గురించే ఈ హెచ్చరిక.

"మా తాతలు తాగలేదా? వాళ్లకెందుకు రాలేదు?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. తాతల కాలంలో పేరు పెట్టలేదే గానీ జబ్బు లేకపోలేదు. వాతరక్తం అన్న పేరు ఈనాటిది కాదు. ఆ కాలంలో మాంసం పండగకే. పొలానికి నడకే. తిండి జొన్నగటక, మజ్జిగ. ఇప్పుడు అదే మనిషి బండి మీద పొలానికి పోతున్నాడు. ఇంటి వెనక బెల్టు షాపు, రోడ్డు మీద చికెన్ సెంటరు. పెళ్లయినా దావతే, భూమి రిజిస్ట్రేషన్ అయినా దావతే. పైగా పొట్ట పెరిగిన మనిషికి యూరిక్ ఆమ్లం బయటికి పోవడం ఇంకా మందగిస్తుంది.

పాయ తాగితే తగ్గుతుందా?

కాళ్ల నొప్పులకు మేక కాళ్ల సూపు తాగితే బలం వస్తుందని మనవాళ్ల గట్టి నమ్మకం. నీరసంగా ఉన్నవాళ్ల సంగతేమో గానీ, గౌట్ ఉన్నవాళ్లకు ఇది ఎదురు వైద్యమే. మాంసాన్ని, ఎముకలను గంటల తరబడి ఉడికిస్తే అందులోని ప్యూరిన్లు నీళ్లలోకి దిగుతాయి. ఆ నీళ్లనే మనం సూపని తాగుతున్నాం.

అన్నింటికంటే ఎక్కువ ప్యూరిన్లు లోపలి అవయవాల్లో ఉంటాయి. కార్జం, మూత్రపిండాలు, తిల్లి, భేజా ఈ జబ్బున్నవాళ్లు మానుకోవాల్సిందే. చేపల్లో నెత్తళ్లు, కవళ్లు, కానాగంతల్లాంటివి, ఎండు చేపలు, ఎండు రొయ్యలు తగ్గించాలి. మేక మాంసం, కోడి మాంసం పూర్తిగా మానాలని కాదు. వారానికి ఒకసారి, నాలుగు ముక్కలతో సరిపెట్టుకుంటే మంచిది. గుడ్డుకు భయం లేదు, అందులో ప్యూరిన్లు చాలా తక్కువ. నొప్పి వచ్చి ఉన్న రోజుల్లో మాత్రం మాంసం, మత్తు రెండూ ముట్టవద్దు. మాంసం కూర, బీరు కలిసిన దావత్ మరుసటి రాత్రే చాలామందికి నొప్పి మొదలవడంలో వింత లేదు.

తియ్యటి సీసా, నీళ్ల సీసా

మత్తు లేని సీసా కూడా ఒకటుంది. కిరాణా కొట్లో దొరికే కూల్‌డ్రింకు. చక్కెరలో సగం ఫ్రక్టోజు అనే చక్కెర. అది కార్జంలో అరిగేటప్పుడు యూరిక్ ఆమ్లం పుడుతుంది. రోజుకు రెండు, అంతకంటే ఎక్కువ తియ్యటి కూల్‌డ్రింకులు తాగేవాళ్లలో గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువని 2008లో వెలువడిన లెక్క చెబుతోంది. ఎండలో మందు కొట్టి వచ్చి చల్లటి కూల్‌డ్రింకు తాగడం ఇప్పుడు పొలాల్లో అలవాటైంది. చెరుకు రైతులు కోప్పడినా చెప్పాలి. ఈ జబ్బున్నవాళ్లకు చెరుకు రసం, బెల్లం పానకం కూడా తగ్గించుకోవాల్సినవే.

కావాల్సింది మంచినీళ్లు. పత్తి ఏరేటప్పుడు, ఎండలో కలుపు తీసేటప్పుడు చెమట రూపంలో ఒంట్లోని నీరంతా పోతుంది. నీళ్లు తగ్గితే రక్తంలో యూరిక్ ఆమ్లం చిక్కబడుతుంది, మూత్రం ద్వారా పోవడం తగ్గుతుంది. కోడిపిల్లలకు డ్రింకర్లో నీళ్లు ఎండితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. గట్టు మీద నీళ్ల క్యాను పెట్టుకుని, దాహం కోసం ఆగకుండా గంటగంటకూ తాగాలి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి.

తాగనివాళ్లకు ఎందుకొస్తుంది?

"చుక్క ముట్టను, ముక్క ముట్టను. నాకెందుకొచ్చింది?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. న్యాయమైన ప్రశ్న. యూరిక్ ఆమ్లం మనిషి మనిషికీ తేడాగా ఉండటంలో పుట్టుకతో వచ్చిన గుణానిది పెద్ద పాత్ర. ఆ తేడాలో దాదాపు 24 శాతం వంశపారంపర్య గుణాల వల్లేనని, ఏ ఒక్క తిండి పదార్థమూ ఒక శాతం కూడా కాదని 2018లో ఒక పెద్ద విశ్లేషణ తేల్చింది. తండ్రికో అన్నకో ఉంటే మనకూ రావచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నా వస్తుంది. బీపీకి ఇచ్చే కొన్ని నీటిమాత్రలు, టీబీ మందుల్లో పైరజినమైడ్ కూడా యూరిక్ ఆమ్లాన్ని పెంచుతాయి. అలాగని ఆ మందులు మీకు మీరే ఆపవద్దు. డాక్టరుకు చెబితే అవసరమైతే మారుస్తారు.

దీన్నిబట్టి రెండు విషయాలు గ్రహించాలి. ఒకటి, గౌట్ వచ్చిన ప్రతివాడూ తాగుబోతు కాదు. ఇంట్లో వాళ్లు, ఊళ్లో వాళ్లు అలా నిందించడం తప్పు. రెండు, జబ్బు ముదిరిన వాళ్లకు పథ్యం ఒక్కటే చాలదు, మందు కావాలి. పథ్యంతో ముప్పు తగ్గించుకోవచ్చు, నొప్పి వచ్చే సార్లు తగ్గించుకోవచ్చు. పథ్యమే మందు అనుకుంటే మోసపోతాం.

ప్రతి నొప్పీ గౌట్ కాదు

మన నల్లగొండ జిల్లాలో ఈ మాట మరీ ముఖ్యం. మర్రిగూడ, మునుగోడు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగినవాళ్లకు నడుము, మెడ, కీళ్లు మెల్లమెల్లగా బిగుసుకుపోతాయి. అది గౌట్ కాదు. చికున్‌గున్యా వచ్చి తగ్గాక నెలల తరబడి పీడించే కీళ్ల నొప్పులు కూడా గౌట్ కాదు. మోకాళ్లు అరిగిపోతే వచ్చే నొప్పి వేరు. గౌట్ సాధారణంగా ఒక్క కీలుకు, హఠాత్తుగా, ఎర్రగా వాచి వస్తుంది. తనంతట తానే తగ్గి, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. కీలు వాపుతో పాటు చలిజ్వరం ఉంటే అది చీము పట్టిన కీలు కావచ్చు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

రక్తపరీక్ష గురించి కూడా తెలుసుకోవాలి. నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ ఆమ్లం ఒక్కోసారి మామూలుగానే చూపిస్తుంది. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ చేయించాలి. అలాగే ఏ నొప్పీ లేకుండా ఊరికే పరీక్షల ప్యాకేజీలో యూరిక్ ఆమ్లం ఎక్కువని తేలినంత మాత్రాన అందరికీ మాత్రలు అవసరం లేదు. ముందు అలవాట్లు సరిచేసుకోవాలి.

సూదిమందుతో జాగ్రత్త

నొప్పి భరించలేక ఊళ్లో సూది వేయించుకుంటే పూటలో తగ్గిపోతుంది. అందులో ఉండేది తరచూ స్టెరాయిడ్, లేదా డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు. డాక్టరు చూసి కొద్ది రోజులకు ఇస్తే ఇవి పనికొచ్చేవే. కానీ నెలనెలా వాడితే స్టెరాయిడ్ వల్ల షుగరు, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారతాయి. నొప్పి మందులు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. యూరిక్ ఆమ్లాన్ని బయటికి పంపే కాలువనే పూడ్చుకోవడమన్నమాట.

రాబందుల కథ ఇక్కడ గుర్తు చేయాలి. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువు చనిపోతే ఆ కళేబరాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు చెడి, గుండె, కార్జం నిండా యూరిక్ ఆమ్లం పేరుకుని వేల సంఖ్యలో చచ్చిపోయాయి. పశువులకు ఆ మందు వాడకాన్ని మన ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనిషికి ఒక మాత్రతో అలా జరగదు. కానీ ఆ మందుకు, మూత్రపిండాలకు ఉన్న వైరం ఎలాంటిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

నొప్పి తగ్గించడానికి డాక్టర్లు ఇచ్చే ఇంకో మందు కోల్చిసిన్. తమిళనాడు రైతులు పందిళ్లు వేసి పండించే అడవి నాభి గింజల నుంచి దీన్ని తీస్తారు. మన అడవుల్లో, చేల కంచెల్లో ఎర్రటి మంటల్లాంటి పూలతో కనిపించే తీగ అదే. పొత్తి దుంప అని కూడా అంటారు. మందు దానిలో ఉంది కదా అని దుంప నూరి తాగితే ప్రాణం పోతుంది. అది విషం. ఆ ప్రయత్నం ఎవరూ చేయవద్దు.

మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు యూరిక్ ఆమ్లం తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర ఉంది. దీన్ని కనుక్కున్న బృందానికి పెద్దయిన జార్జ్ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన హార్వర్డ్‌లో చదువుకునే రోజుల్లో అదే విభాగంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేశారు. ఈ మాత్రను డాక్టరు చిన్న మోతాదుతో మొదలుపెట్టి, యూరిక్ ఆమ్లం 6 కంటే తగ్గేదాకా పెంచుతారు. వేసుకున్న తర్వాత ఒంటి మీద దద్దుర్లు వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి. చాలామంది చేసే పొరపాటేమంటే నొప్పి తగ్గగానే మాత్ర మానేయడం. చెల్క పచ్చబడింది కదా అని మోటరు ఆపితే ఎండిపోదా? ఇదీ అంతే. మానేసినవాళ్లకు ఏళ్లు గడిచేకొద్దీ చెవుల మీద, మోచేతుల మీద సుద్దగడ్డలు కడతాయి, మూత్రంలో రాళ్లు వస్తాయి, కీళ్లు వంకర పోతాయి.

మరి ఏం తినాలి?

ఖరీదైన పథ్యం ఏమీ అక్కర్లేదు. పొలంలో, పెరట్లో ఉన్నదే చాలు. పప్పు, ఆకుకూరలు మామూలుగా తినండి. మూత్రపిండాల జబ్బు ముదిరినవాళ్లకు మాత్రం పథ్యం వేరుగా ఉంటుంది, వాళ్లు డాక్టరు మాట వినాలి. పాలన్నీ కేంద్రానికి పోసి పిల్లలకు కూడా మిగల్చని ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. రోజూ ఒక గ్లాసు పాలో, రెండు గ్లాసుల మజ్జిగో ఇంటికి ఉంచుకోండి. వెన్న తీసిన మజ్జిగ ఇంకా మంచిది. మన జిల్లా బత్తాయి బయటి రాష్ట్రాలకు లారీల్లో పోతోంది. తోటలో రాలిన కాయను రసం తీసి చక్కెర కలపకుండా కాకుండా, తొనలుగా తినడం మేలు. జామకాయ, నిమ్మకాయ కూడా మంచివే. పొట్ట తగ్గించాలి గానీ ఉపవాసాలతో ఒక్కసారిగా కాదు. కడుపు మాడ్చుకుంటే కూడా యూరిక్ ఆమ్లం పెరుగుతుంది.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో యూరిక్ ఆమ్లం పరీక్ష, అల్లోప్యూరినాల్ మాత్రలు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. తెలంగాణలో క్లస్టరుకొకటి చొప్పున రైతు వేదికలు కట్టారు. విత్తనాలు, ఎరువుల గురించి చెప్పే ఆ వేదిక మీద సీజనుకు ఒకసారైనా డాక్టరును పిలిపించి రైతు ఒంటి గురించి చెప్పిస్తే తప్పేముంది? ట్రాక్టరుకు సర్వీసింగు ఉంది, మోటరుకు రిపేరు ఉంది. వాటిని నడిపే మనిషికే లేదు. గల్లీగల్లీకి బెల్టు షాపు నడుస్తుంటే చూసీ చూడనట్టు ఊరుకుని, జబ్బు చేశాక పప్పు మానమని చెప్పే వ్యవస్థ రైతుకు న్యాయం చేసినట్టు కాదు.

రైతు సోదరులు కూడా ఆలోచించాలి. కంది మన చేతిలో పుట్టిన పంట. నేలకు నత్రజని ఇస్తుంది, ఇంటికి బలమిస్తుంది. రుజువు లేని నేరానికి దాన్ని పళ్లెంలో నుంచి వెలివేయవద్దు. బొటనవేలు వాచినప్పుడు ముందుగా పక్కన పెట్టాల్సింది పప్పు గిన్నెను కాదు, సీసాను.